కొత్తవారికి శాలువా

నెల్లూరు నుంచి గూడూరు వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వెంకటాచలం మండలంలో కాకుటూరు దగ్గర విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వస్తుంది. సర్వేపల్లి కూడా అదే మండలంలో ఉంది. 1888లో తిరుత్తణిలో పుట్టినప్పటికీ ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా జీవితాంతం వెంట ఉంచుకున్న రాధాకృష్ణన్ గారి పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఉత్తమ అధ్యాపకులకు పురస్కారాలు ఇచ్చేదీ ఆ సెప్టెంబరు 5వ తేదీనే. కలకత్తా విశ్వవిద్యాలయంలో అయిదవ జార్జి పేరిట ఉన్న తత్త్వశాస్త్ర ఆచార్య పీఠానికి ఆ విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన అశుతోష్ ముఖర్జీ గారు ఆయనను పిలిపించింది 1921లో. అప్పటికి రాధాకృష్ణన్ గారికి ముప్ఫై మూడేళ్లు నిండలేదు. పదేళ్ల తరవాత ఆయనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపకులపతి అయి, 1936 వరకు ఆ పదవిలో ఉన్న కాలంలో, ఇంకా ముప్ఫైలోపే ఉన్న, తరవాత కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్‌ను, పార్లమెంటు సభ్యుడిగా పేరు తెచ్చుకున్న హిరేన్ ముఖర్జీని వాల్తేరుకు రప్పించి పాఠాలు చెప్పించారు. చిన్న వయసులో తనకు దక్కిన ఆదరాన్ని చిన్న వయసువారికే మళ్లీ పంచారన్నమాట. ఆయన పుట్టినరోజున కప్పే శాలువాలు మాత్రం ఇప్పుడు చాలావరకు పదవీ విరమణకు రెండు మూడేళ్ల దూరంలో ఉన్నవారి భుజాల మీదికే చేరుతున్నాయి. ఎవరినో తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. నేను కూడా ఆ వయసులోనే ఆ శాలువా కప్పుకున్నవాణ్ణి.

ఉద్యోగం ముగించుకొని నెల్లూరులో స్థిరపడిన నన్ను, కొంతకాలం కిందట ఒక విశ్వవిద్యాలయం వారు బయటి సభ్యుడిగా ఒక ఎంపిక సంఘానికి పిలిచారు. అది ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. కొత్తగా చేరిన సిబ్బందిలో విశేషంగా పనిచేస్తున్నవారిని గుర్తించి ఏటా నలుగురికి, అంటే బోధన వైపు ఇద్దరికి, బోధనేతర వైపు ఇద్దరికి, ప్రశంసాపత్రం, కొంత నగదు ఇవ్వాలన్నది అక్కడివారి ఆలోచన. చేరి అయిదేళ్లు దాటనివారే అర్హులు. ఆ నిబంధన చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎందుకంటే, జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను 2023లో ఉన్నత విద్యకు కూడా విస్తరించినప్పుడు పెట్టిన అర్హత దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది: అక్కడ కనీసం అయిదేళ్ల పూర్తికాలపు బోధనానుభవం కావాలి, పైగా రెగ్యులర్ అధ్యాపకులై ఉండాలి. జాతీయ స్థాయి పురస్కారానికి అటువంటి గీత అవసరమే కావచ్చు. కానీ మొదటి అయిదేళ్లలో ఉన్నవాణ్ణి చూడవలసిన బాధ్యత అప్పుడు ఎవరిది? అతను పనిచేస్తున్న సంస్థదే. పరిశోధన చేసేవారికైతే వయసు చూసి ఇచ్చే గౌరవాలు కొన్ని ఉన్నాయి. శాస్త్రవేత్తలకు ఇచ్చే శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారానికి 45 ఏళ్ల పరిమితి అందరికీ తెలిసినదే. పాఠం బాగా చెప్పే ముప్ఫై ఏళ్ల మనిషికీ, పరీక్షల విభాగంలో కాగితాన్ని ఆగనివ్వని పాతికేళ్ల మనిషికీ అటువంటిదేమీ లేదు.

మన విశ్వవిద్యాలయాల్లో ఆ మొదటి అయిదేళ్లు ఎలా గడుస్తాయో బయటివారికి అంతగా తెలియదు. కాపురానికి వచ్చిన కోడలికి ఇంటెడు చాకిరీ అప్పగించినట్లు, కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరుకు టైంటేబులు, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వారి కోసం ఫైళ్లు, ఇన్విజిలేషన్, వచ్చిన అతిథిని రైల్వే స్టేషను నుంచి తీసుకురావడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా మీద పడతాయి. ఒక పని బాగా చేశాడంటే దానికి ప్రతిఫలం ఇంకో పని. సీనియర్లు ప్రేమగానే అంటారు, "నువ్వయితే చేస్తావు నాయనా" అని. ఆ ప్రేమ కింద అతని పరిశోధన, ఒక్కోసారి పెళ్లి కూడా, రెండేళ్లు వెనక్కి పోతుంది. ఒప్పందం మీద పనిచేసేవారి సంగతి, గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి మరీ అన్యాయం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో గెస్ట్ అధ్యాపకులకు ఉపన్యాసానికి 1,500 రూపాయల చొప్పున, నెలకు 50,000 మించకుండా గౌరవ వేతనం ఇవ్వవచ్చునని చెప్పింది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, ఇంత తప్పక ఇవ్వాలన్న హామీ కాదు. వేసవి సెలవుల్లో ఆ ఉపన్యాసాలూ ఉండవు.

దరఖాస్తులు ఇరవైకి పైగా వచ్చాయి. కమిటీలో మేము అయిదుగురం. మొదటి రోజు సాయంత్రం గెస్ట్‌హౌసులో కూర్చుని ఫైళ్లు తిరగేశాము. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నేను చేసింది తూకం పని. భౌతికశాస్త్రం నుంచి వచ్చిన ఒక ఫైలు రెండు చేతులతో ఎత్తవలసినంత ఉంది. నాలుగేళ్లలో పద్నాలుగు వ్యాసాలు, ఆరు జాతీయ సదస్సులు, మూడు ఆన్‌లైన్ కోర్సుల ధ్రువపత్రాలు, ఒక్కొక్కదానికీ రంగు జిరాక్సు. నేను ఎక్కువ మార్కులు వేసింది దానికే. వృక్షశాస్త్రం నుంచి వచ్చిన మరో ఫైలులో ఏడు కాగితాలు మాత్రమే ఉన్నాయి. అందులో ఒకటి, అమ్మాయి తన చేతిరాతతో రాసిన అర పేజీ పరిచయం. దాన్ని పక్కన పెట్టాను. మర్నాడు ఉదయం కాఫీ దగ్గర కమిటీలోని ఒక మేడమ్ గారు, మా అందరిలోకీ చిన్నవారు, "సార్, నిన్న మనం ఫైళ్ల అట్టలే చూసినట్టున్నాము, లోపల చూడలేదేమో" అన్నారు. ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది.

మళ్లీ మొదటి నుంచి చూశాము. ఆ పద్నాలుగు వ్యాసాల్లో సగానికి పైగా, డబ్బు కడితే పది రోజుల్లో అచ్చువేసే పత్రికల్లో వచ్చినవే. దానికి ఆ కుర్రవాణ్ణి నిందించలేను. పదోన్నతికి అంకెలు కావాలని ఏళ్ల తరబడి చెప్పింది మేమే. అంకెలు అడిగితే అంకెలే తెచ్చాడు. 2018 యూజీసీ నిబంధనల్లో ఆ పాత లెక్కలను కొంత సడలించి, బోధనకు ఒక సులభమైన కొలత పెట్టారు: కేటాయించిన తరగతుల్లో 80 శాతం, అంతకు మించి తీసుకుంటే 'మంచిది', 70కి పైన 80కి లోపల అయితే 'సంతృప్తికరం'. పని ఎగ్గొట్టేవాణ్ణి పట్టుకోవడానికి ఇది బాగానే పనికొస్తుంది. అద్భుతంగా పాఠం చెప్పేవాణ్ణీ, క్రమం తప్పకుండా వచ్చి నోట్సు చదివి వినిపించి పోయేవాణ్ణీ ఇది ఒకే గాటన కడుతుంది. జల్లెడను తక్కెడ అనుకోవడం మా పొరపాటు.

ఆ ఏడు కాగితాల ఫైలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ అమ్మాయి దగ్గర ఎమ్మెస్సీ చదివే పిల్లల్లో ఎక్కువమంది ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు నుంచి తెలుగు మాధ్యమంలో డిగ్రీ దాకా వచ్చినవారు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది, ప్రశ్న అడగడానికి నోరు పెగలదు. ఈ అమ్మాయి చేసిందల్లా ఏమిటంటే, ఒక్కో అధ్యాయానికి రెండేసి పేజీల పదపట్టిక తయారు చేసి, ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగులో అర్థం, దానికి ఎదురుగా పిల్లలకు ఊళ్లో తెలిసిన ఒక మొక్క పేరు రాసింది. చిక్కుడు, తంగేడు, ఉత్తరేణి, సరుగుడు, తుమ్మ. లెగ్యూమ్ అనే మాటకు పక్కన కందికాయ బొమ్మ గీసి ఉంది. వారానికి ఒక రోజు పాఠం అయ్యాక అరగంట, పిల్లలు తప్పులతోనే ఇంగ్లీషులో జవాబు రాయాలి. ఆమె దిద్ది ఇవ్వాలి. మొదటి సెమిస్టరులో మానేసి వెళ్లిపోదామనుకున్న ఇద్దరు ఆగి చదువుతున్నారని పిల్లలే రాసిన ఒక ఉత్తరంలో ఉంది. ఈ పదపట్టికకు పత్రికలకు ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు లేదు కనుక అది ఏ కోష్ఠకంలోనూ పట్టలేదు. ఫైలులో జతచేయవచ్చునని ఆమెకు తోచనే లేదు. మేము అడిగితే మర్నాడు తెచ్చి చూపించింది, మూలలు మడతపడి, ఎవరో పిల్లవాడి టీ మరకతో.

ఇక్కడ నాకు ఒక సంగతి అర్థమైంది. కొత్తవారి పని అంకెగా మారేలోపే దాన్ని చూడగలగాలి. నెల్లూరు వాళ్లకు ఇది వరి ఉదాహరణతో చెబితే తేలిక. మొలగొలుకుల పేరు తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. తరవాతి కాలంలో నెల్లూరు వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, రైతులు నెల్లూరు మసూరి అని పిలిచేది, బాగా పేరు తెచ్చుకుంది. ఏ వంగడమైనా మొదటి సంకరం నాటి నుంచి విడుదల దాకా సాధారణంగా ఎనిమిది పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సాయంత్రం పూట మడిలో దిగి, ఒక్కొక్క పువ్వులోని పుప్పొడి తిత్తులను పట్టకారుతో తీసి, కాగితం సంచి తొడిగి, మర్నాడు మరో మొక్క పుప్పొడి రాల్చే పని ఎక్కువగా కొత్తగా చేరినవారూ, కూలీలూ చేస్తారు. వంగడం విడుదలైన రోజుకు ఆ కొత్తవాడు బదిలీ మీద మరెక్కడో ఉంటాడు. వేదిక మీద మరొకరుంటారు. వారు అనర్హులని కాదు. పంట చేతికొచ్చినప్పుడే లెక్క చూస్తామంటే నారుమడి పోసినవాడి పేరు ఎప్పటికీ రాదు.

బోధనేతర సిబ్బంది వైపు పని మరింత కష్టమైంది. అధ్యాపకుడికి కనీసం తన గురించి రాసుకోవడం వచ్చు. గుమాస్తాకు, ల్యాబ్ అటెండెంటుకు, లైబ్రరీ అసిస్టెంటుకు దరఖాస్తు అంటేనే భయం. పైగా పై అధికారి సంతకం లేనిదే ఫైలు కదలదు. అందుకే వచ్చిన కొద్ది దరఖాస్తుల్లోనూ అధికారుల గదుల్లో కనిపించేవారివే ఎక్కువ. "వీడు మన మనిషి సార్, ఒక్కసారి చూడండి" అని ఫోన్లు కూడా వచ్చాయి. కులం, ఊరు, ఎవరి దగ్గర పనిచేశాడు, ఈ మూడు ప్రశ్నలు మన దగ్గర ఏ ఎంపిక సంఘంలోనైనా గదిలోకి మనకంటే ముందే వచ్చి కూర్చుంటాయి. వాటిని బయటికి పంపడానికి మాకు తోచిన ఉపాయం ఒకటే: దరఖాస్తులను పక్కన పెట్టి, ఆ ఆవరణలో రోజూ సేవలు అందుకునేవారిని అడగడం. హాస్టల్ పిల్లలను, క్యాంటీను నడిపే ఆయనను, సర్టిఫికెట్ల కోసం వరుసలో నిలబడ్డవారిని, రాత్రి వాచ్‌మన్‌ను అడిగాము. ప్రశ్న కూడా ఒకటే. "ఇక్కడ ఎవరు నెల రోజులు సెలవు పెడితే మీకు ఇబ్బంది?"

మేము ఊహించని పేరు అక్కడ నాలుగు నోళ్ల నుంచి వచ్చింది. పరీక్షల విభాగంలో మూడో కిటికీ దగ్గర కూర్చునే కుర్రవాడు. చదువు అయిపోయిన పిల్లలు ప్రొవిజనల్ సర్టిఫికెట్టు కోసం బస్సెక్కి వస్తారు. వచ్చాక బకాయిలు లేవనే నో డ్యూస్ కాగితం లేదని ఒకసారి, ఫీజు కట్టిన రసీదు సరిగా లేదని మరోసారి వెనక్కి పోతారు. మూడు సార్లు రావడం మామూలే. పొదిలి నుంచో ఉదయగిరి నుంచో రావాలంటే ప్రతిసారీ ఒక రోజు కూలీ, రాను పోను చార్జీలు. ఈ కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే ఒక కాగితం మీద, ఏ సర్టిఫికెట్టుకు ఏయే కాగితాలు కావాలో, ఎన్ని జిరాక్సులు, ఎక్కడ సంతకం, ఏ రోజున అధికారి ఉండరో, పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి కిటికీకి అంటించాడు. ఆ కాగితాన్నే ఫొటో తీసి కాలేజీల విద్యార్థుల వాట్సాప్ గ్రూపులకు పంపాడు. ఫోన్ చేసి అడిగితే, కాగితాలన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చెప్పించుకుని, "ఇప్పుడు బయల్దేరన్నా" అంటాడట. అతని కిటికీ దగ్గర వరుస పొట్టిగా ఉండడానికి కారణం అతను తొందరగా రాయడం కాదు, అక్కరలేని రాకడలను ముందే తప్పించడం. మీరు ఎన్ని పరిపాలనా సంస్కరణల నివేదికలు చదివినా దీనికన్నా సూటైన పని కనిపించదు.

అతనికి మేము ఏకగ్రీవంగా మొదటి స్థానం ఇచ్చాము. మర్నాడు ఫైలు వెనక్కి వచ్చింది. అతను విశ్వవిద్యాలయ ఉద్యోగి కాడు. ఔట్‌సోర్సింగ్ మీద ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు, జీతం ఏజెన్సీ ఇస్తుంది, కనుక 'సిబ్బంది' అనే మాటలోకి రాడు. సంబంధిత అధికారి మర్యాదగానే చెప్పారు. "మీరు చెప్పింది నిజమే సార్, కాదనను. రూలు ఒప్పుకోదు. రేపు ఆడిట్లో నన్ను అడుగుతారు." ఆయన మాటలో అబద్ధం లేదు. నాకు కోపం వచ్చింది ఆయన మీద కాదు. నాలుగేళ్లుగా రోజుకు ఎనిమిది గంటలు ఆ సంస్థ ముఖంగా ఆ కిటికీలో కనిపించే మనిషిని, తిట్టవలసివచ్చినప్పుడు సిబ్బంది అనీ, మెచ్చుకోవలసివచ్చినప్పుడు బయటివాడు అనీ చెప్పే ఏర్పాటు మీద వచ్చింది. మేము వాదించాము; ఒక పూట పోయింది; గెలవలేదు.

ఇచ్చేది ఏమిటన్నదాని మీద కూడా కొంత చర్చ జరిగింది. శాలువా, జ్ఞాపిక, వేదిక మీద ఫొటో, ఇవి వద్దని నేను అనను. ఇంటి దగ్గర తల్లిదండ్రులు గోడకు తగిలించుకునేది ఆ ఫొటోనే. కానీ కొత్తగా చేరినవారికి వాటికన్నా అవసరమైనవి ఉన్నాయి. అధ్యాపకులకైతే ఒక సెమిస్టరు పాటు అదనపు బాధ్యతల నుంచి విడుదల, ఒక సదస్సుకు దారి ఖర్చు, తాళం వేసుకోగలిగిన ఒక బీరువా. నవ్వకండి, మూడేళ్లుగా విద్యార్థుల రికార్డులను స్కూటీ డిక్కీలో మోస్తున్నవారు ఆ దరఖాస్తుల్లోనే ఉన్నారు. శాశ్వత ఉద్యోగంలో ఉన్న గుమాస్తాకైతే సర్వీసు రిజిస్టరులో ఒక వాక్యం. నగదు వారం రోజుల్లో ఖర్చయిపోతుంది, ఆ వాక్యం ముప్ఫై ఏళ్లు అతని వెంట వస్తుంది. సర్వీసు రిజిస్టరు మాట వెంటనే ఒప్పుకున్నారు. విడుదల మాట ఒప్పుకోలేదు. ఆ పని మళ్లీ ఎవరు చేస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు, ఎందుకంటే ఖాళీలు నింపకుండా ఉన్నవారినే మెచ్చుకుంటూ పోతే ఏదో ఒక రోజు ఆ మెచ్చుకోలు కూడా పని చెప్పడంలో ఒక పద్ధతిగా మారిపోతుంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పురస్కారం వచ్చినవారికి అన్నీ మంచిగానే జరుగుతాయని అనుకోకూడదు. వృక్షశాస్త్రం అమ్మాయికి ప్రకటన వెలువడిన మర్నాటి నుంచి, ఆమె విభాగంలోనే ఇద్దరు సీనియర్లు మాట తగ్గించారని తరవాత తెలిసింది. మన దగ్గర విభాగం అంటే ఆరుగురు, ఏడుగురు. అందులో ఒకరిని పైకెత్తితే మిగిలినవారు తమను కిందికి దించినట్లు భావిస్తారు. దీనికి మేము చేయగలిగింది చిన్నదే: ప్రశంసాపత్రంలో ఆమె పేరుతో పాటు, ఆ పదపట్టికలో మొక్కల తెలుగు పేర్లు సరిచూసిన సీనియర్ అధ్యాపకుడి సహాయాన్ని కూడా ప్రస్తావించాము. అది నిజం కూడా. ఆయన ఫోన్ చేసి, "నా పేరెందుకు రాశారండీ" అని అడిగారు కానీ, గొంతులో కోపం లేదు.

సెప్టెంబరులో కార్యక్రమం జరిగింది. నలుగురికి ఇచ్చారు. మూడో కిటికీ కుర్రవాడి పేరు ఆ నలుగురిలో లేదు. మేము అయిదుగురం మా సొంత పేర్లతో, మేము చూసినది చూసినట్లుగా, ఒక పేజీ ఉత్తరం రాసి సంతకాలు పెట్టి కిటికీ దగ్గరికే వెళ్లి ఇచ్చాము. అతను నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. తరవాత, ఎక్కడైనా ఉద్యోగానికి పెట్టుకుంటే అనుభవ పత్రం అడుగుతారనీ, దీని మీద విశ్వవిద్యాలయం ముద్ర వేయించడం కుదురుతుందా అనీ అడిగాడు. కుదరదని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. చివరికి మేడమ్ గారు తన బ్యాగులోంచి హోదా ఉన్న రబ్బరు స్టాంపు తీసి, తన సంతకం కింద వేశారు. అతను ఆరేదాకా ఊది, వరుసలో ఉన్న ఒక అబ్బాయికి ఇచ్చి, "తమ్ముడూ, నీ జిరాక్సులతో పాటు ఇది కూడా అయిదు కాపీలు తీసుకురా" అని డబ్బులిచ్చి, తిరిగి కుర్చీలో కూర్చున్నాడు.